కడ్డీ తుడిచిపెట్టిన మా అన్న

ఏదీ, ఆ కాగితం ఇటివ్వు. కళ్ళజోడు వద్దులే, నీ కోడిగీతలకి ఈ కళ్ళు చాలు. "మరణశిక్ష ఉంటేనే నేరస్తుల గుండెల్లో భయం ఉంటుంది." అబ్బో. నేరస్తుల గుండెలు నువ్వెప్పుడు కోసి చూశావే? చీటీ తీస్తే ఈ పక్క వచ్చిందా. అంటే అవతలి చీటీ వచ్చుంటే అవతలిది రాసేదానివి. బాగుంది, ప్లీడరు పనికి సరిగ్గా సరిపోతావు. కూర్చో, అలా గుమ్మంలో నిలబడితే నాకు కంగారు. డిబేటు పోటీ రేపు కదా, ఏం తొందర. మీ తాత సంగతి తెలిసే రాశావా ఇది? ఉరి తీశారని తెలుసు, అంతేనా. మీ నాన్ననడిగితే లేచి వెళ్ళిపోయాడు. వెళ్తాడు. వాడు చిన్నప్పట్నుంచీ అంతే, ఆ మాట వినపడితే చెప్పులు వెతుక్కుంటాడు. అయితే నేను చెబుతాను విను. నాకు డెబ్భై తొమ్మిది, నాతోపాటు కాటికి పట్టుకుపోవడానికి అదేమైనా పట్టుచీరా.

మీ తాత, అంటే మా అన్న, ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కోటీ గళ్ళలోంచి ఏరి వరసగా పేర్చి పేజీ తయారుచేయడం వాడి పని. అచ్చయ్యాక మళ్ళీ అవన్నీ విప్పి, ఏ గడిలోది ఆ గడిలో పడెయ్యాలి. లేకపోతే మర్నాడు పని సాగదు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. అన్నం తిన్న కంచం కడిగి బోర్లించేవాడు, చెంచా చెంచాల్లో పెట్టేవాడు, మా వదిన నవ్వేది, ఈయన్ని కట్టుకున్నాక నాకు పనే లేదని. నాకు నాలుగో తరగతితో బడి మాన్పించారు కదా, చెడిపోయిన కాగితాలు ప్రెస్సునుంచి పట్టుకొచ్చి నా ముందు పడేసేవాడు. పెళ్ళి శుభలేఖలు, మందుల కరపత్రాలు, కోర్టు కాగితాలు, ఏది దొరికితే అది. నా చదువంతా అదే. ఆడపిల్లకెందుకురా అవి అని మా నాన్న అంటే, పొయ్యిలో వేయడానికిలే అనేవాడు. ఒక్కటీ పొయ్యిలో పడలేదు. ఏం చెబుతున్నాను? ఆ, ప్రెస్సు.

ప్రెస్సులో ఇద్దరే పనివాళ్ళు, మా అన్న, మెషిను తిప్పే అతను. మెషినాయన అనేవాళ్ళం. పొడుగాటి మనిషి, మెతక, చీమని చూసి పక్కకి తప్పుకునే రకం. మా వదినని చెల్లెమ్మా అనేవాడు, నన్నూ అంతే. ఇక ఓనరు. వాడిగురించి చెప్పాలంటే నోరు కడుక్కోవాలి, వదిలెయ్. ఒకరోజు జైలువాళ్ళ దగ్గర్నుంచి ఓ నోటీసు వచ్చింది అచ్చుకి. ఫలానా హంతకుణ్ణి ఉరి తీశాం, ఇలాంటి పని చేసే ప్రతివాడికీ ఇదే గతి, ప్రజలు గమనించాలి, అని. పెద్ద పెద్ద అక్షరాలు. సాయంత్రంలోపు ఊరి గోడలన్నిటిమీదా అంటించాలట. మా అన్న అక్షరాలు కూర్చాడు, మెషినాయన అచ్చువేస్తున్నాడు. ఓనరు పక్కన నిలబడి, ఇంకా తొందరగా, ఇంకా తొందరగా, మోటారు బిగించింది నిద్రపోవడానికా, అని ఒకటే గోల. ఆ మెషినుకి కాగితం చేత్తో పెట్టాలి, చేత్తో తియ్యాలి. పలకలు రెండూ దగ్గరికొచ్చేలోపు చెయ్యి వెనక్కి రావాలి. రాలేదు. కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి.

అప్పుడు ఓనరేమన్నాడో తెలుసా? నెత్తురంటిన కాగితాలు పక్కకి తీసెయ్, మిగతావి పాడవకుండా చూడు, అన్నాడు. మెషిను ఆపమనలేదు. మా అన్నే ఆపి, ఓనరు చొక్కా పట్టుకున్నాడు. మనిషివేనా నువ్వు అని ఊపేస్తున్నాడు. రోలరు పైకెత్తడానికి మూరెడు ఇనప కడ్డీ ఒకటుండేది. ఆ కడ్డీతో ఓనరు నెత్తిమీద ఒక్క దెబ్బ పడింది. ఒక్కటే. పడ్డవాడు మళ్ళీ లేవలేదు.

ఎవరు కొట్టారా? ఆగు, కోర్టుక్కూడా అదే కావాల్సింది, కోర్టుకన్నా తొందరా నీకు?

మా అన్న తర్వాత చేసింది చెబుతాను, ఇంకే వృత్తివాడూ అలా చెయ్యడు. మెషినాయన్ని గోడకి ఆనించి కూర్చోబెట్టి, తన చొక్కా చింపి చేతికి కట్టు కట్టాడు. పక్కింటివాళ్ళని కేకేసి డాక్టరుకి, పోలీసులకి కబురు పంపాడు. ఆ తర్వాత కింద పడున్న కడ్డీ తీసి, కిరసనాయిల్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, దాని మేకుకి దాన్ని తగిలించాడు. తగిలించి, ఆ నోటీసు అక్షరాలు విప్పుతూ కూర్చున్నాడు. పోలీసులు వచ్చేసరికి మా అన్న స్టూలుమీద కూర్చుని టక్ టక్ మని ఏ గడిలోది ఆ గడిలో వేస్తున్నాడు. వాడి బుర్ర అప్పటికి ఎక్కడుందో ఎవరికి తెలుసు, చేతులు మాత్రం వాటికి తెలిసిన పని చేసుకుపోతున్నాయి. సర్కారు ప్లీడరుకి అది చాలు. "యజమాని నెత్తురు ఆరకముందే ఆయుధం కడిగి, ఏమీ ఎరగనట్టు పనిలో కూర్చున్నాడు. ఇంతకన్నా కరడుగట్టిన హంతకుణ్ణి నా సర్వీసులో చూడలేదు." నల్లకోటు వెనక్కి విదిలించుకుంటూ అన్నాడు. ఇప్పటికీ ఆ విదిలింపు నా కళ్ళముందుంది.

నేను కాదు కొట్టింది, అన్నాడు మా అన్న. మరెవరు, గదిలో మీ ముగ్గురే కదా, అన్నాడు జడ్జి. మా అన్న తలతిప్పి మెషినాయన వైపు చూశాడు. చూస్తూ నిలబడ్డాడు. మెషినాయన తన కట్టు వంక చూసుకుంటున్నాడు. నొప్పికి నాకు కళ్ళు తిరిగాయి, ఏం జరిగిందో తెలియదు, అన్నాడు. నలిగిన చేత్తో కొట్టలేడని డాక్టరు కూడా చెప్పాడు. రెండో చెయ్యి సంగతి ఎవరూ అడగలేదు. ఇద్దరూ కలిసే చేశారని తేల్చి, తోడున్నందుకు అతనికి యావజ్జీవం, కొట్టినందుకు మా అన్నకి ఉరి వేశారు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం విను. చివరిసారి జైలుకి వెళ్ళాను. ఊచలకి అటు వాడు, ఇటు నేను, పక్కన వార్డరు పళ్ళు కుట్టుకుంటున్నాడు. నాకప్పటికి పంతొమ్మిది, చిత్తుకాగితాలు చదివి మహా తెలివైనదాన్ననుకునేదాన్ని. ఏమడిగానో తెలుసా? "నీ చేత్తో నువ్వే కూర్చావు కదరా ఆ నోటీసు, చెయ్యి ఎత్తేముందు అది గుర్తు రాలేదా?" అన్నాను. అర్థమైందా? అడగడమంటే నువ్వే చంపావని అనడమే కదా. తోడబుట్టినదాన్ని, నేనూ నమ్మలేదు వాణ్ణి. మా అన్న నావైపు అలాగే చూశాడు. నేను కాదని మళ్ళీ అనలేదు. అక్షరాలు తలకిందులుగా, అద్దంలో చూసినట్టుంటాయే, ఒక్కోటీ చూసి పేర్చుకుంటూ పోవడమే, అర్థం చూస్తూ కూర్చుంటే పని సాగదు, అన్నాడు. "చదివేది గోడ దగ్గర నిలబడేవాళ్ళు. మేం కాదు." అంతే. నాలుగో రోజు వాడి పేరుతో నోటీసు గోడలమీదకొచ్చింది. వేరే ప్రెస్సులో వేశారు.

తర్వాత నేను చదవని పుస్తకం లేదు. లైబ్రరీ ఆయన విసుక్కునేవాడు, నీకెందుకమ్మా ఈ లా పుస్తకాలు, వంటలవి లేవా అని. వంటలవి మీ ఆవిడకి ఇవ్వు అన్నాను. ఉరి ఉన్నచోట హత్యలెన్ని, లేనిచోట ఎన్ని, జీవితాంతం జైల్లో పెడితే ఎన్ని, అన్నీ చదివాను. ఉరివల్లే తగ్గాయి అని నిక్కచ్చిగా చూపించినవాడు నాకొక్కడూ దొరకలేదు. ఒకడు తగ్గాయంటాడు, ఇంకొకడు వాడి లెక్క తప్పంటాడు. నీ కాగితంలో ఈ ముక్క లేదు, రాసుకో. రాసుకో అంటే దిక్కులు చూస్తావేం.

పద్నాలుగేళ్ళకి మెషినాయన జైల్నుంచి వచ్చాడు. సరిగ్గా ఈ గుమ్మంలోనే నిలబడ్డాడు, ఇందాక నువ్వు నిలబడ్డచోట. జుట్టంతా తెల్లబడింది, కుడిచేతికి మూడు వేళ్ళు. వదిన కుట్టుపనికి వెళ్ళింది, మీ నాన్న కాలేజీలో ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నేనే కొట్టాను చెల్లెమ్మా, ఎడమచేత్తో, అన్నాడు. మరి కోర్టులో నోటికేమొచ్చింది అన్నాను. "ఏళ్ళు వేస్తారంటే చెప్పేవాణ్ణి. పదేళ్ళయినా, పాతికేళ్ళయినా, నేనేనని చెప్పేవాణ్ణి. ఉరి అన్నారు చెల్లెమ్మా. నోరు తెరుద్దామని రోజూ అనుకునేవాణ్ణి. మెడ దగ్గరే ఆగిపోయేది."

చూశావా. నువ్వు రాసింది అబద్ధం కాదు. ఉరికి భయపడతారు. చెయ్యెత్తేటప్పుడు భయపడలేదు అతను, కడ్డీ చేతికందేలోపు అంత లెక్కెవడు వేసుకుంటాడు. నిజం చెప్పాల్సినప్పుడు భయపడ్డాడు. జాలిపడ్డాననుకుంటున్నావా? ఇన్ని పుస్తకాలు చదివినదాన్ని, ఆ నిమిషాన అతను తాడుకి వేలాడుతుంటే నా కళ్ళతో చూడాలనిపించింది. పొమ్మన్నాను. పోయాడు. ఆ పక్కవీధిలోనే ఇంకో పదిహేనేళ్ళు బతికాడు, సైకిళ్ళకి పంక్చర్లు వేసుకుంటూ. ఎవరిమీదా గొంతుకూడా ఎత్తలేదు. ఊళ్ళో అందరూ మంచివాడనేవాళ్ళు. అనరూ మరి.

వదినకి చెప్పలేదు. హంతకుడి పెళ్ళాం అనిపించుకుంటూనే పోయింది. ఎందుకు చెప్పలేదా? వదినకి చెబితే మీ నాన్నకి తెలుస్తుంది. పద్దెనిమిదేళ్ళవాడు, ముక్కుమీద కోపం, ఏ కత్తిపీటో పట్టుకుని పక్కవీధికి పరిగెత్తేవాడు. తర్వాత? మళ్ళీ ఆ కోర్టు, ఆ నల్లకోటు, మళ్ళీ గోడమీద కాగితం. ఇంట్లో ఒకణ్ణి ఇచ్చింది చాలనుకున్నాను. మెషినాయన పోయాకైనా చెప్పచ్చు కదా అంటావు. ఇన్నేళ్ళు దాచావా అత్తా అని వాడంటే ఏం చెప్పను. వాళ్ళ నాన్న చంపలేదని తెలియకుండానే మీ నాన్నకి అరవై నాలుగేళ్ళొచ్చాయి, ఇప్పటికీ ఆ మాట వినపడితే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

కాగితం చింపకు. ఏ పక్కన మాట్లాడతావో నీ ఇష్టం, నేనేం అననులే. ముక్కు చీదుకో ముందు.

మీ నాన్న వచ్చేది ఆరింటికా, ఆరున్నరకా?