అయ్య ఎత్తుకున్న పాట

టెక్కలిలో ఉత్సవానికి కట్టిన స్టేజీ వెనక తల్లీకూతుళ్లు తమ వంతు కోసం చూస్తున్నారు. కూతురు ఒకచోట నిలబడలేక అటూ ఇటూ తిరుగుతోంది.

“కాసేపు కూకోయే.”

“ఎలా కూకుంటానమ్మా? జనాలు కేసెట్టులో పాటే పాడమని గోల సేత్తన్నారు.”

“పాడు. ఎవులొద్దన్నారు?”

“అది వల లాగే పాట కదా. అయ్య ముందు ఎత్తుకున్నాడు, ఎనకాల నేను పలికానంతే. ఇప్పుడు ఎవులెత్తుకుంటారు? అందుకే కీబోర్డాయన కేసెట్టులో అయ్య గొంతు యేత్తానన్నాడు. నేను స్టేజీ మీద పలుకుతాను.”

“ఒద్దు.”

“ఏటమ్మా?”

“సముద్రంలో పోయినోడు పిలిత్తే పలకకోడదు. ఎవులు ముందు పలికితే ఆలని కూడా తీసుకెల్లిపోతాడంట.”

“కేసెట్టమ్మా అది! అయ్య బతికున్నప్పుడు మనందరం పలాస ఎల్లి రికార్డు సేయించిందే కదా. నువ్వు ఇంట్లో రోజూ యేసుకుంటావు కూడాను.”

“యేసుకుంటాను, ఇంటాను. పలకను. నోట్లో కొంగు కుక్కుకుంటాను.”

కూతురు తిరగడం ఆపేసింది. ఏదో అడగబోయేలోగా మైకులో ఆమె పేరు పిలిచారు.

స్టేజీ ఎక్కి మైకు పట్టుకుంది. స్పీకర్లలోంచి అయ్య గొంతు లేచింది. వల బరువంతా ఆ గొంతులోనే ఉన్నట్టు, ఒడ్డున నిలబడి పిలిచినట్టే పిలిచాడు. జనం గోల ఒక్కసారిగా సద్దుమణిగింది.

కూతురు నోరు తెరిచేలోగానే, తెర వెనక నుంచి అమ్మ పలికేసింది.