బామ్మర్ది చెప్పని నెంబరు

అయినా ఆ మాట మైకులో చెప్పాలా బామ్మర్దీ? అంతమంది ముందు? ఇంటికొచ్చి, మీ అక్కిచ్చిన కాఫీ తాగుతూ నా చెవిలో వేస్తే సరిపోయేది కాదూ!

లేవకు, లేవకు. దవడకి తీగలు కట్టారట కదా, నోరు కదపకూడదని నర్సమ్మ మరీ మరీ చెప్పింది. నువ్వు విను చాలు. వాగేది ఎప్పుడూ నేనేగా.

అసలా మీటింగు ఎవడు పెట్టమన్నాడు? అడవి అందరిదీ, అందరి అభిప్రాయమూ కావాలన్నాడు పెద్దాఫీసరు. సరే, పోయాం. ఫారెస్టాఫీసు హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, మనిషికి రెండు నిమిషాలు. లాడ్జి ఓనరేమో, జనం చూడ్డానికి రాకపోతే అడవిని కాపాడేదెవరండీ అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. మొసలికే సిగ్గేసుంటుంది! పరిశోధన చేసే మేడం, రోజుకి అరవై సఫారీ జీపులెందుకు, ఇరవై చాలంది. తేనె తీసే ముసలావిడ లేచి, "మేం పుట్టిన అడవి గురించి మమ్మల్ని ఇన్నాళ్ళకి అడుగుతున్నారా?" అని కూర్చుంది.

నేనూ మాట్లాడాను, డ్రైవర్ల తరఫున. ఇరవై అంటే మిగతా నలభై ఇళ్ళ పొయ్యిలో పిల్లి లేవదండీ అన్నాను. చప్పట్లు మోగిపోయాయి. విన్నావుగా?

అప్పుడు లేచావు నువ్వు, గార్డు యూనిఫాంలో. "నీటిగుంట దగ్గర ఏనుగుపిల్లని జీపు గుద్దింది. ఫొటో కోసం దారి వదిలి, తల్లికీ పిల్లకీ మధ్యకి తోలారు. రెండు రోజులు కొట్టుకుని చచ్చింది. పక్కనే ఉండి చూశాను. ఆ జీపు నెంబరు నాకు తెలుసు" అన్నావు.

ఏం నెంబరని మేడం అడిగింది. నువ్వు నావైపు చూడనైనా లేదు. "విచారణలో చెప్తాను" అన్నావు.

ఇంకేముంది! కుర్చీలు గాల్లోకి లేచాయి. ఒకడు మైకు లాగేశాడు. లాడ్జి ఓనరు బల్ల కింద దూరాడు. కిటికీ అద్దం పగిలి ముసలావిడ నుదురు చీరుకుపోయింది. రక్తం కళ్ళలోకి కారుతున్నా తిట్టడం మాత్రం ఆపలేదు, మహాతల్లి! నిన్ను కాలరు పట్టి బయటికి ఈడ్చారు. జీపుల మధ్య పడేసి డొక్కలో తన్నారు, వీపు మీద తొక్కారు. నువ్వు మొహం చేతుల్లో దాచుకుని ముడుచుకుపోయావు.

ఏం, అలా చూస్తావేం? అవును, గుద్దింది నా జీపే. వెనక కూర్చున్నవాళ్ళు "ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం" అన్నారు. తోలాను. పిల్ల బెదిరి అడ్డం తిరిగింది. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడు. తల్లి అరిచింది. వెనక్కి తిప్పుకుని పారిపోయాను. బంపరు నేనే కడిగాను. అడవిపంది తగిలిందని మీ అక్కకి చెప్పాను.

నిన్న పోలీసులొచ్చి అడిగితే, కొట్టిందెవరో చూడలేదని కాగితం మీద రాసిచ్చావట. ఎందుకురా? మీ అక్క కోసమా?

ఆరుగురు డ్రైవర్లని లోపలేశారు. నన్ను కాదు. జీపులు ఇరవైకి తగ్గించారు, అందులో నాది ఉంది. నవ్వకు, కుట్లు ఊడతాయి. పైగా నిన్ను భుజాన వేసుకుని ఆసుపత్రికి తెచ్చానని అందరూ మెచ్చుకోవడమే! మీ అక్కయితే, "నా తమ్ముణ్ణి బతికించావు" అంటూ నా కాళ్ళు చుట్టేసింది. ఆ కాళ్ళు నరుక్కుందామనిపించింది.

ఏదో గొడవలో, చీకాకులో నా చెయ్యి తగిలిందనుకున్నావు కదూ? అందుకే దాచావు కదూ?

కాదురా. వాళ్ళు అప్పటికే అలిసిపోయి పక్కకి జరిగారు. నేను జీపులోంచి జాకీ రాడ్డు తీసుకుని, ఎవరి కంటా పడకుండా జీపుల సందులోంచి వచ్చాను. నిన్ను విడిపించడానికనుకున్నావు. చేతులు తీసేశావు. మొహం పైకెత్తి "బావా" అన్నావు.

ఆ నోటికే గురి చూసి కొట్టాను.