ఓతిల్కా బరువు

హలో… ఆ, నేనే. వెందులానే. నీ ఇంట్లో ఇంకెవరుంటారు బాబాయ్?

ఆ, తిన్నాను… బంగాళాదుంప సూపు. నీకేం పెట్టారు?… మళ్లీ ఉప్పు లేకుండానా? అలాగే కావాలి. ఆసుపత్రిలో నర్సుల్ని అంత ఏడిపించావు. ఆపరేషన్ తర్వాత కోలుకోమని పంపిన ఈ స్పాలో వాళ్లు నీ మీద కక్ష తీర్చుకుంటున్నారు.

ఏంటీ?… ఓతిల్కా ఎవరని అక్కడి నర్సు అడిగిందా?… నీ భార్య అనుకుందా! మరి చెప్పలేదా, మూరెడు పొడుగు బల్లి అని?… చెప్పాక మంచానికి దూరంగా జరిగిందా. పాపం. దాని మొగుడి పేరు కాష్పర్ అని కూడా చెప్పుండాల్సింది.

కర్ర లేకుండా నడిచావా! ఎవరి చెయ్యి పట్టుకుని?… మళ్లీ ఆ ఓస్త్రవా ఊరావిడేనా?… చూడు బాబాయ్, తుంటి ఎముక కొత్తదే గాని మనిషి పాతే. కాస్త చూసుకుని గంతులెయ్యి.

ఆ… బరువులా. చెప్తాను. ఉండు, పుస్తకం తీస్తున్నా.

ఓతిల్కా మూడొందల పన్నెండు గ్రాములు. కాష్పర్ రెండొందల అరవై ఎనిమిది.

…ఆ, మూడొందల పన్నెండే.

…పోయిన ఆదివారం కూడా అంతే. అంతకు ముందు… అంతే అనుకుంటా.

కాటా బాగానే ఉంది… లేదు, బ్యాటరీలు కూడా మార్చాను.

…

అవును. వసంతంలో ఆడబల్లి ఆరు వారాలు ఒక్క గ్రాము కూడా అటూ ఇటూ కాకుండా ఉండదు. నువ్వే నేర్పావు.

…ఉన్నాను. వినబడుతోంది.

వద్దు బాబాయ్, ఫోన్ వాళ్ల పెట్టె దగ్గర పెట్టమనొద్దు. కాష్పర్ గుర్రుమనడు… ఇప్పుడు గుర్రుమనలేడు.

నిలబడున్నావా?… మంచం మీద కూర్చో. కూర్చున్నాక చెప్తాను.

కూర్చున్నావా?

ఇద్దరూ బతికే ఉన్నారు. ముందు అది విను. బతికే ఉన్నారు.

నేను చదివిన బరువులు అబద్ధం. ఆరు వారాలుగా అబద్ధమే. మొదట్లో ఒకసారి తూచిందే మళ్లీ మళ్లీ చదివాను… ఎందుకంటే ఐదు వారాలు కాష్పర్ ఇక్కడ లేడు. మా ఇంట్లో ఉన్నాడు. నేనే తీసుకెళ్లాను.

—ఎవరూ అడగలేదు. నేనే.

మార్చిలో నీ బల్లి పిల్లల్ని అమ్మడానికి ఓలొమౌట్స్‌లో బల్లుల సంతకి పంపావు కదా. అక్కడ ఒక పోలండ్ ఆయన దగ్గర ఒక ఆడబల్లిని కొన్నాను… నా డబ్బే. నీకు చెప్పలేదు… కాష్పర్ వాళ్ల దీవి జాతే బాబాయ్. కాగితం చూశాను, తల్లీతండ్రుల ఫొటోలు చూశాను. వేరే దీవి మగాడితో జత కట్టిస్తే ఆ పిల్లల్ని మన పెంపకందార్లెవరూ ముట్టుకోరు. అదే దీవి మగాడు ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరున్నాడు? కాష్పర్ ఒక్కడే.

…తెలుసు.

ఇరవై రెండేళ్లు. ఒకే బెరడు గొట్టంలో, దాని వీపు మీద వీడి గడ్డం… తెలుసు బాబాయ్. నువ్వు ఆసుపత్రికి వెళ్లిన దగ్గర్నుంచీ రోజూ చూస్తున్నది నేనే కదా. అయినా విడదీశాను.

వారమే అనుకున్నాను. ఆ కొత్తది ఒప్పుకోవడానికే పది రోజులు పట్టింది… ఆ, అక్కడ అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. ఇద్దరికీ తెలియని కొత్త పెట్టె. పక్కనే కుర్చీ వేసుకుని కాపలా. నాలుగు సార్లు కలబడ్డారు, నాలుగు సార్లూ విడదీశాను. ఐదోసారి ఒకే గొట్టంలో పడుకున్నారు.

అక్కడ తప్పు చెయ్యలేదు. ఇక్కడ చేశాను.

శనివారం ఇంటికి వచ్చేస్తున్నా అన్నావు కదా. దాంతో పోయిన ఆదివారం వాడిని తిరిగి తెచ్చాను. వాడి ఇల్లే కదా, కొత్త పెట్టె ఎందుకనుకున్నాను. నేరుగా ఓతిల్కా పక్కన దింపేశాను… తొందరెందుకంటే, రెండింటికి నీ ఫోన్ వస్తుంది. 'ఇద్దరూ బాగున్నారా?' అంటావు. ఆ ఒక్క మాటైనా అబద్ధం కాకూడదనుకున్నాను.

…అవును. నీతో మాట్లాడుతున్నప్పుడే.

ఆ పెట్టె ముందు నిలబడి నీకు దొంగ బరువులు చదవలేకపోయాను. వరండాలోకి వచ్చాను. నువ్వు డాన్సు చూస్తుంటే ఓస్త్రవా ఆవిడ నీ కాలు తొక్కిన సంగతి చెప్తున్నావు. నేను నవ్వుతున్నాను… లోపల్నుంచి అరుపు వినబడింది బాబాయ్. కుక్కపిల్ల అరిచినట్టు. వీధిలోదేమో అనుకున్నాను. నువ్వింకా చెప్తున్నావు, నేనింకా నవ్వుతున్నాను.

…దవడ. ఓతిల్కా వాడి కింది దవడ పట్టుకుంది. వదల్లేదు. నీళ్లు పోశాను, అట్టముక్క దూర్చాను. ఎంతసేపో తెలీదు.

దాని తప్పేం లేదు. వాడి ఒంటి మీద ఇంకో ఆడదాని వాసన. అది వాడిని గుర్తుపట్టలేదు… లేక గుర్తుపట్టే కరిచిందో.

డాక్టరు దగ్గరికి ఆ సాయంత్రమే తీసుకెళ్లాను. రెండు చోట్ల విరిగింది. కట్టు వేశారు. బతుకుతాడన్నారు. పురుగుల్ని నమలడం మాత్రం ఇక కుదరదు… అంజూరం గుజ్జు, డ్రాపర్‌తో… మింగుతున్నాడు. నిన్నటి నుంచీ తనంతట తను నాలుక చాపుతున్నాడు.

ఓతిల్కా… రెండొందల ఎనభై ఒకటి.

ఆ, ఇది నిజం. ఇవాళ పొద్దున తూచాను… గొట్టంలోకి వెళ్లడం లేదు. అద్దానికి అతుక్కుని అలాగే ఉంటోంది.

…

…బాబాయ్?

ఏదో ఒకటి అను. తిట్టు… కాసిని నీళ్లు తాగు ముందు. పక్కనే ఉన్నాయా?

ఎందుకు చేశానా.

…సంతలో నా పేరు ఎవరికీ తెలీదు బాబాయ్. వెళ్లడం మొదలెట్టి పదేళ్లయింది. నీ పేరు చెప్పి 'క్వేతోస్లావ్ పెట్టెలు మోసే పిల్ల' అంటారు. నీ బల్ల వెనక నిలబడి నీ పిల్లల్ని అమ్ముతాను, నీ జతల గురించి నేను వివరిస్తాను… నువ్వు తక్కువ చేశావని కాదు. ఒక్క పెట్టె మీదైనా నా పేరు రాసుకుందామనిపించింది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేది.

…నిజమే. అడిగుంటే ఇవ్వననేవాడివి. నాకు తెలుసు. తెలిసే అడగలేదు.

…

…ఆ. పెట్టింది. ఆ కొత్తది, మొన్న బుధవారం. రెండు గుడ్లు… రెండూ మంచివే. వెలుగుకి పెట్టి చూశాను, లోపల పిల్ల పడిన గుర్తుగా ఎర్రటి వలయం ఉంది.

అయ్యో, ఆ మాట అనకు. బాబాయ్, నీకు దణ్ణం పెడతాను, బాగా చేశావని మాత్రం అనకు.

…సరే. ఏడవను.

శనివారం కారు తీసుకుని వస్తాను… వద్దా?… బస్సులో ఎలా వస్తావు, మధ్యలో మారాలి, మెట్లు… ఓ, ఆవిడ కొడుకు దింపుతాడా. మంచిది.

…శుక్రవారం సాయంత్రానికి నేను వెళ్లిపోవాలి. సరే. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్తాను.

మరి వాడికి గుజ్జు పట్టడం? రోజుకి నాలుగు సార్లు. నువ్వు వంగకూడదు, వాడి డబ్బా కింది అరలో ఉంది… అయితే పై అరలోకి మారుస్తాను. డ్రాపర్ ఎదురుగా కాకుండా పక్క నుంచి… అవునులే. నీకు నేను చెప్పడమేంటి.

ఆదివారం నేను ఫోన్…

ఓ.

సరే. నువ్వు చేసేదాకా చెయ్యను… అర్థమైంది బాబాయ్. నువ్వు కోపంగా అనలేదులే. కోపంగా అన్నా బాగుండేది.

…ఇంకా ఏంటి?

గుడ్లా?… మా ఇంట్లోనే. తడిమట్టిలో, సగం పైకి కనబడేలా… ఆ, పెన్సిలుతో పైన చుక్క పెట్టాను. అది ఎలా పెట్టిందో అలాగే ఎత్తి అలాగే దింపాను… లేదు, తిప్పలేదు. తిప్పితే లోపల పిల్ల చచ్చిపోతుందని తెలుసు… మూత వారానికి ఒక్కసారే. సరే… వేడి పెరగనివ్వను. కిటికీ పక్క నుంచి జరుపుతాను… ఆ. రాసుకుంటున్నాను.

…

నువ్వే పెట్టెయ్ బాబాయ్. నేను పెట్టలేను.