మోచేతి దాకా నీళ్ళు

ఏంట్రా గణేష్‌బాబూ, చేపల రైతుల సంఘంలో పల్లంరాజు ఫోటో పెడుతున్నారా? నన్నొచ్చి రెండు మంచి మాటలు చెప్పమంటావా? కూర్చో, కూర్చో. నీకు పెదనాన్నయితే నాకు సొంత బావ, నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు! మొగల్తూరు చుట్టూ వరిచేలన్నీ తవ్వించి చెరువులు చేసిన మహానుభావుడు. గుంటలో నీళ్ళు కనపడితే చాలు, చేపపిల్లల్ని వదిలేసేవాడు. నా పెళ్ళిలో గంగాళం నిండా నీళ్ళున్నా ఊరుకున్నాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆఁ, అక్కడికే వస్తన్నా. తొంభై రెండులో అనుకుంటా, అందరం జీపులో మారేడుమిల్లి పైకెళ్ళాం. అక్కడ రిజర్వు ఫారెస్టు లోపల, కొండమీద ఒక చెరువుందిరా. పుల్ల విరవనివ్వరు, అగ్గిపెట్టె కూడా గేటు దగ్గరే లాక్కుంటారు. చుట్టూ అడవి, మధ్యలో ఆ నీళ్ళు. మా అక్క మాణిక్యాంబ పుట్టి బుద్ధెరిగాక చూసినవన్నీ బురద కాలవలే కదా. గట్టున కూర్చుని మోచేతి దాకా చెయ్యి పెట్టి, "ఒరే తమ్ముడూ, గోళ్ళు కూడా కనపడతన్నాయిరా" అని చిన్నపిల్లలా నవ్వింది. మా బావా పెట్టాడు చెయ్యి. చేపల చెరువు వాళ్ళకి మోచేతి దాకా ముంచితే అరచెయ్యి కనపడకూడదు, నీళ్ళు అంత పచ్చగా ఉంటేనే చేపకి మేతున్నట్టు. "ఛీ, చచ్చిన నీళ్ళివి. చేపకి పస్తే" అన్నాడు. దేవుడేదో పొరపాటు చేశాడు, ఈయనగారు దిద్దాలి!

తర్వాత అక్కకి కడుపులో గడ్డని తేలింది. కాకినాడలో కోసి, మళ్ళీ కుట్టేసి పంపేశారు. లాభం లేదని మాకు తెలుసు, తనకీ తెలుసు. ఒక్కటే అడిగింది, "ఏమండీ, ఆ నీళ్ళు ఇంకోసారి చూపించండి" అని. నగ అడిగిందా, చీర అడిగిందా? "కొంచెం ఓపిక రానీ, నీకో తమాషా చూపిస్తా" అన్నాడు. అని ఏం చేశాడో తెలుసా? కోళ్ళపెంట, సూపరు ఎరువు బస్తాలు జీపుకెత్తి, సంచుల్లో బొచ్చె చేపపిల్లల్ని పట్టుకుని ఆ కొండమీదికెళ్ళాడు. ఒకసారి కాదు, ఆ ఎండాకాలమంతా. గేటు దగ్గర గార్డు ఏసుపాదం అడిగితే, "మీ నర్సరీ మొక్కలకి ఎరువయ్యా, దానం" అనేవాట్ట. పాపం అతను "రాజుగారు ధర్మాత్ములండి" అని దణ్ణం పెట్టి గేటెత్తేవాడు. ధర్మాత్ముడు! చావబోయే పెళ్ళాం అడిగిన నీళ్ళలో పెంట పోసిన ధర్మాత్ముడు.

వానలకి ముందు తీసుకెళ్ళాం. జీపులోంచి నేనే ఎత్తుకుని దింపాను, మనిషి బరువే లేదు. చెరువు మన ఊళ్ళో చెరువులాగే పచ్చగా, నురగ కట్టి ఉంది. అక్కడక్కడా బొచ్చెలు నోళ్ళు తెరుస్తన్నాయి. "చూశావా మాణిక్యం, ఎలా బతికించానో!" అన్నాడు. మురిసిపోతన్నాడ్రా, నిజంగానే మురిసిపోతన్నాడు. నాకు అదే ఇప్పటికీ మండుద్ది. పగతో చేసుంటే అక్కడే తన్నేవాణ్ణి.

అక్క వంగి చెయ్యి ముంచింది, మోచేతి దాకా. గాజులు కనపళ్ళా, వేళ్ళు కనపళ్ళా. కాసేపు అలాగే ఉంచి, తీసి, నా తువ్వాలుతో తుడుచుకుని, "బాగుందండి" అంది ఆయనతో. నావైపు తిరిగి, "ఇంటికి తీసుకెళ్ళిపోరా" అంది. ఆ వానాకాలం దాటలేదు.

ఆఁ... రెండు మంచి మాటలు కదా. చేపల్ని బాగా పెంచేవాడని చెప్తాలే. రెండోది... కరెంటొచ్చినట్టుంది చూడు, లేచి ఆ మోటారెయ్యి.