సముద్రం అవతలి పాట

మలేసియాలో, పేరాక్ నది ఒడ్డున ఒక పల్లె. రేపు సల్వానీ పెళ్లి. మాంసం కూరకి తండ్రీ కూతుళ్లు ఉల్లిపాయలు తరుగుతున్నారు.

“ఒక్క పాట. నాది. పాడి దిగిపోతాను.”

“బ్యాండు వాళ్లకి రాదు నాన్నా.”

“మరేం వచ్చు వాళ్లకి?”

“జనం అడిగేవి.”

“అంటే ఇండోనేషియావి.”

“అందరి పెళ్లిళ్లలోనూ అవేగా.”

“వాళ్లు ఇక్కడి తైపింగ్ ఊరి కుర్రాళ్లు. జకార్తా ఎటుందో తెలీదు. పాట ఎత్తితే మాత్రం అక్కడే పుట్టినట్టు మెలికలు తిరిగిపోతారు.”

“ఇంకా సన్నగా తరుగు నాన్నా.”

“మాట మార్చకు. ప్రతి పాటలోనూ ఎవడో ఒకడు, వదిలేసి పోయిన పిల్ల కోసం ఏడుస్తాడు. పెళ్లిలో ఆ ఏడుపేంటి?”

“బాగుంటాయి నాన్నా.”

“మనవాళ్లకి ఏడవడానిక్కూడా సముద్రం అవతల నుంచే సరుకు దిగాలి.”

“మొన్న పక్కింటి అజీజా పెళ్లిలో పాడావు కదా.”

“పాడాను. అయితే?”

“ఏం లేదు.”

“అయితే ఏంటంటున్నాను.”

“సగంలోనే జనం భోజనాలకి లేచిపోయారు. పెళ్లికొడుకు వైపు వాళ్లు నవ్వారు. నేను ముందు వరసలో ఉన్నాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.”

“నవ్వుతారు. ఒకప్పుడు మీ నాన్న మియోర్ హాషిం పాడుతున్నాడంటే ఈపో పట్నం నుంచి బస్సులెక్కి వచ్చేవాళ్లు. తర్వాత రేడియోలో అన్నీ ఇండోనేషియా పాటలే. తగ్గించండయ్యా అని ఇక్కడి పాటగాళ్లమంతా రేడియో ఆఫీసు ముందు ఎండలో నిలబడ్డాం. లోపల్నుంచి అవే వినిపించాయి.”

“తెలుసు. చాలాసార్లు చెప్పావు.”

“విన్నదెవరు?”

“రేపు నాతో కలిసి పాడు నాన్నా. జనానికి తెలిసిన పాట ఒకటి. అప్పుడెవరూ లేవరు.”

“వాళ్లదా?”

“వాళ్లదే.”

“చచ్చినా పాడను. ఈ ఇంట్లో ఆ పాటలు అడుగు పెట్టలేదు. మీ అమ్మ పోయేదాకా నా పాటే పాడుకుంది. పొయ్యి దగ్గరా అదే, గిన్నెలు తోముతూ అదే. దేశమంతా మర్చిపోయినా తను మర్చిపోలేదు. రేపు పాడతానంటున్నది మీ అమ్మ కోసం. జనం కోసం కాదు.”

“సరే. పాడుకో.”

“అదేంటి, ఇంతసేపూ వద్దన్నదానివి?”

“పాడతానన్నావుగా. పాడుకో.”

“అమ్మ మాట రాగానే మొహం తిప్పుకున్నావు.”

“ఉల్లిపాయ ఘాటు.”

“సల్వానీ.”

“వద్దు నాన్నా. రేపు పెళ్లి పెట్టుకుని ఇప్పుడెందుకు?”

“చెప్పు.”

“నేను పాడదామన్న పాట అమ్మదే. తనే నేర్పింది. ఇక్కడే, ఈ వంటింట్లో.”

“అబద్ధం. ఇంటికొచ్చిన ప్రతిసారీ విన్నాను. నా పాటే పాడుతూ ఉండేది.”

“అవును నాన్నా. మలుపులో నీ మోటారు సైకిల్ చప్పుడు వినపడగానే, నీ పాట ఎత్తుకునేది.”