కంచె దాటిన కొట్టాం

అబద్ధమాడే మనిషికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదంటారు. ఆర్లిస్ గ్రూబ్‌కి ఆ బాధ లేదు. ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో డోనట్టు. ఆ పొద్దున దాణా కొట్లో కూర్చున్నవాళ్ళందరికీ డోనట్లు కొనిపెట్టింది కూడా అతనే. నీవా క్లెమ్‌కి మొదటి అనుమానం అక్కడే వచ్చింది. ఆర్లిస్‌ది పక్క పొలం. ముప్పై ఏళ్ళ ఇరుగుపొరుగులో అతను ఒకరికి గుక్కెడు కాఫీ పోయించిన పాపాన పోలేదు.

నీవా ఒళ్ళో సంచి, సంచిలో ఒక కార్డు. భర్త లాయిడ్ ఉన్నన్నాళ్ళూ కోర్టుహౌసులోని పన్నుల ఆఫీసు నుంచి వచ్చే కాగితాలు ఆయనే విప్పేవాడు, ఆయనే తిట్టుకునేవాడు, ఆయనే కట్టేవాడు. ఆయన పోయిన ఏడాదిన్నరకి, పన్ను ఇంతెందుకు వస్తోందో చూద్దామని ఆవిడ మొదటిసారి తన ఆస్తి కార్డు తెప్పించుకుంది. వంటింటి బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్క గీతా వేలితో తడుముకుంటూ చదివింది. ఇల్లు గీసి ఉంది. వరండా ఉంది. కోళ్ళగూడు కూడా ఉంది పాపం, ఎంత ఓపికో అనుకుంది. ఆ పక్కనే నలభై అడుగులకి అరవై అడుగుల కొట్టాం, రేకుల కప్పు, ఉత్తరం పక్క దింపిన పంచ.

నీవాకి కొట్టామే లేదు. ఉన్నవి పదకొండు మేకలూ, వాటికో చెక్క గూడూ.

కోర్టుహౌసు కిటికీ వెనకున్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "మా కొలతలాయన రాసుకొచ్చిందేనండీ. అది మీది కాకపోతే ఎవరిదో తెలిసినవాళ్ళ చేత రాయించి, సంతకాలు పెట్టించి తీసుకురండి. రేపు నాలుగింటితో గడువు సరి."

ఆ రేపు ఈ రోజే. గడువు దాటితే లేని కొట్టానికి ఈ ఏడు కూడా పన్ను కట్టాలి, కట్టాలంటే వాగు పక్క మేతబీడు అమ్మాలి. బీడు పోతే మేకలూ పోతాయి. ఆ బీడు కొంటానని పదిహేను రోజుల కిందే ఇంటికొచ్చి అడిగినవాడు ఇప్పుడు డోనట్లు పంచుతున్న ఈ ఆర్లిస్సే.

అలాంటి కొలతల కొట్టాం చుట్టుపక్కల ఒక్కటే ఉంది. కంచెకి అవతల, అతని పెరట్లో. తిన్నగా అడిగితే "నాకేం తెలుసు" అంటాడు. ఆర్లిస్ నోరు తాళం చెవులకి తెరుచుకోదు, పొగడ్తలకి తెరుచుకుంటుంది. అందుకని నీవా నిట్టూర్చి, "ఈ పన్ను కాగితాలు నాకు అంతుపట్టడం లేదు ఆర్లిస్. నువ్వెట్లా నెట్టుకొస్తున్నావో గానీ" అంది.

"ముందే నన్నడగొద్దూ నీవా!" ఆర్లిస్ విత్తనాల బస్తా మీద సర్దుకుని కూర్చున్నాడు. "అసలు ఆస్తి కార్డు చదవడం వచ్చినవాళ్ళు ఈ కౌంటీ మొత్తానికి ఇద్దరే. అందులో ఒకడు చచ్చిపోయాడు."

"చచ్చిపోయింది నువ్వు కాదు కదా?" అంది కౌంటరు వెనక నుంచి డార్లా. కొట్టు ఆవిడదే.

"వింటావా లేదా? మొదట్లో చిన్నదే. జనవరిలో కొలతలవాడొచ్చాడు, టేపు పట్టుకుని ఇంటిచుట్టూ తిరుగుతున్నాడు, ముక్కు ఎర్రగా అయిపోయింది పాపం. వాడికి వేడి కాఫీ ఇచ్చి మెత్తగా అన్నాను, బాబూ, ఆ మూల గదిలో పొయ్యి లేదు, చలికాలం పిల్లి కూడా కూర్చోదు, దాన్ని ఇంటి లెక్కలో ఎట్లా వేస్తావు అని. వాడు తల గోక్కుని కొట్టేశాడు."

"ఇంతవరకూ నమ్ముతాను," అన్నాడు వెండెల్. పందుల రైతు, మాట తక్కువ మనిషి. "ఇక్కడ ఆపెయ్యరా."

"ఆపడమా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? చలి ముదిరింది. మాది చెక్క ఇల్లాయె, చలికి మునగదీసుకుంది! పొద్దున నలభై నాలుగు అడుగులున్న గోడ మధ్యాహ్నానికి ముప్పై ఎనిమిది. వాడు నమ్మలేక మళ్ళీ కొలిచాడు, ముప్పై ఆరు! ఇంకో గంట ఉండు బాబూ, ఇంకా తగ్గుతుంది అన్నాను. లోపల మా ఆవిడ మంచాన్ని నిలబెట్టుకోవాల్సొచ్చింది. వాడు అదే రాసుకుపోయాడు."

"మరి ఎండాకాలం పెరగలేదా?" అంది డార్లా.

"పెరగక? ఎండాకాలం వాళ్ళు రారుగా!"

ఆవిడ నవ్వి కాఫీ పోసింది. నీవా కూడా నవ్వింది, కానీ కళ్ళు అతని మొహం మీదే ఉన్నాయి. ఇల్లు చెప్పాడు. పెరట్లోకి రాలేదు.

"ఇహ మినహాయింపులు. సొంతింట్లో ఉండేవాడికి ఒకటుంది, అది అడిగిన ప్రతివాడికీ ఇస్తారు. అరవై ఐదు దాటినవాళ్ళకి ఇంకోటి. నాకప్పటికి అరవయ్యే. ఏం చెయ్యాలి? మా కుక్క టర్నిప్ వంక చూశాను. దానికి పదేళ్ళు, కుక్కకి ఒక ఏడంటే మనకి ఏడేళ్ళు, లెక్కేసుకో, డెబ్బై! పుట్టింది ఆ ఇంట్లోనే, ఒక్క రాత్రి పరాయి గడపలో పడుకున్నది లేదు. రెండు మినహాయింపులూ దాని పేరున రాయించాను. కిటికీ దగ్గర అమ్మాయి, దీని ఆదాయం ఎంతండీ అంది. నెలకి నాలుగు ఎముకలు, అవీ చేతికొస్తేనే అన్నాను. కాలిముద్ర వేయించుకుని, పెద్దదానివి, ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా అని దానికి కుర్చీ వేసింది!"

"కుక్క ఏమంది?" అన్నాడు వెండెల్.

"వచ్చే ఏడు టపాలో పంపిస్తానంది."

అందరూ విరగబడి నవ్వారు. నీవా నవ్వు ఆగేదాకా ఆగి, "ఇల్లు సరే, కుక్క సరే. కొట్టాల మీద ఎంత వేస్తారు ఆర్లిస్?" అంది.

డోనట్టు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఆర్లిస్ ఆవిడ వంకా, ఆవిడ ఒళ్ళో సంచి వంకా చూశాడు. "ఎందుకడుగుతున్నావు?"

"మేకలకి కాస్త పెద్దది కట్టిద్దామని. పన్నుకి భయమేస్తోంది."

"ఆ సంచిలో ఏముంది?"

"అల్లికపని," అంది నీవా. అదీ ఉంది, కార్డుని కప్పుతూ.

ఆర్లిస్ ఇంకా సంచినే చూస్తున్నాడు. అతను నోరు మూసుకున్నాడంటే ఇక నాలుగింటిదాకా తెరవడు, తన పని అంతటితో సరి అనుకుంది నీవా. ఇంతలో వెండెల్ బూటు మట్టి దులుపుకుంటూ, "కొట్టాం మీద మాత్రం కట్టి తీరాల్సిందేలే. అక్కడ వీడి పప్పులుడకవు" అన్నాడు.

ఇంకేముంది, ఆర్లిస్‌కి రోషమొచ్చింది.

"నా పప్పులా? విను వెండెల్! తొమ్మిదేళ్ళ కిందటి సుడిగాలి గుర్తుందా? నలభై అరవై కొట్టాం నాది, రేకుల కప్పు, ఉత్తరానికి పంచ, లోపల కోతమిషను, పద్నాలుగు ఆవులు. గాలి వచ్చి కొమ్మ మీద కాయని తుంపినట్టు తుంపింది. నేను తలుపు పట్టుకుని వేలాడుతున్నాను. పైకి లేచాం, ఇంకా లేచాం, కోర్టుహౌసు గడియారం కాళ్ళ కిందకొచ్చింది, చూస్తే నాలుగు నిమిషాలు వెనకుంది, వంగి సరిచేశాను! అప్పటికి పాలు పితికే వేళయింది, ఆవులు ఊరుకుంటాయా? అక్కడే పితికాను. గాలి చిలికేసింది, దిగేసరికి బకెట్ నిండా వెన్న!"

"ఉప్పు ఎవరేశారు?" అంది డార్లా.

"నా చెమట! ఒక్క మేకు ఊడలేదు, ఒక్క ఆవు బెదరలేదు. గాలి దాన్ని కంచె మీదుగా తీసుకెళ్ళి నీవావాళ్ళ వైపు దించింది, గిన్నె మీద మూత పెట్టినట్టు. మర్నాడు కొలతలవాడు వచ్చి ఇదెవరిదన్నాడు. నాది కాదు బాబూ, కంచెకి అవతలి సంగతి నన్నడక్కు అన్నాను. వాడు పెన్సిల్ తీసి అటువైపు గీసుకుపోయాడు. ఆ రోజు నుంచీ నా కొట్టాం మీద నాకు పన్ను సున్నా! అదీ కార్డు చదవడమంటే!"

నవ్వింది ఆర్లిస్ ఒక్కడే. వెండెల్ నవ్వలేదు. డార్లా కాఫీ గిన్నె కింద పెట్టేసింది.

తొమ్మిదేళ్ళు. ప్రతి వసంతంలో వంటింటి బల్ల దగ్గర లాయిడ్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మళ్ళీ పెరిగిందే, ఏం చూసి పెంచుతున్నారో" అనుకోవడం నీవాకి వినిపించింది. ఆవిడ గొంతు మాత్రం పెంచలేదు.

"మొత్తం మా వైపే దిగిందా?"

"ప్రతి చెక్కా!"

"పంచ కూడా?"

"ముందు దిగిందే అది!"

"లోపలున్నవి?"

"కోతమిషనుతో సహా!" ఆర్లిస్ ఇంకా గాలిలోనే ఉన్నాడు.

నీవా అల్లిక పక్కన పెట్టి, కార్డు తీసి విత్తనాల బస్తా మీద పరిచింది. "అయితే నువ్వు చెప్పిందీ కార్డులో ఉన్నదీ ఒకటే. నలభై అరవై, రేకుల కప్పు, ఉత్తరం పక్క పంచ. దిగింది మా నేల మీద. పన్ను కట్టింది లాయిడ్. వెండెల్, నీ ట్రెయిలర్ ఖాళీగా ఉందా? మధ్యాహ్నం నా మేకల్ని కొత్త కొట్టాంలోకి తోలుకోవాలి. ఆర్లిస్, కొట్టాం తాళంచెవి ఇలా ఇయ్యి. నీ ఆవుల్ని సాయంత్రంలోగా తీసుకుపో. కోతమిషను గాలి మాకు తెచ్చిచ్చిందిగా, అది ఉండనీ."

"ట్రెయిలర్ ఖాళీయే," అన్నాడు వెండెల్ లేచి.

"ఏయ్, కూర్చో! మాటవరసకి చెప్పిన కథ పట్టుకుని..."

"కథా? ప్రతి చెక్కా అన్నావే, ఇంతమంది విన్నారు."

"ఏ చెక్కా ఎక్కడికీ పోలేదు!" ఆర్లిస్ తాళంచెవి ఉన్న జేబుని మోచేత్తో అదుముకున్నాడు. "మా నాన్న కట్టినచోటే ఉంది! కంచెకి నా వైపు, ముప్పై అడుగులు లోపల! ఎవరైనా వచ్చి కొలుచుకోండి!"

కౌంటరు మీద పెన్సిల్ గీరుతున్న చప్పుడు. డార్లా బిల్లు పుస్తకంలోంచి కాగితం చింపి రాస్తోంది. "మా నాన్న కట్టినచోటే... నా వైపు... ఎన్నడుగులన్నావు?"

"ముప్పై," అన్నాడు వెండెల్.

నీవా కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. "సంతకమైనా పెట్టు, తాళంచెవైనా ఇయ్యి."

ఆర్లిస్ తలుపు వంక చూశాడు. తలుపుకి అడ్డంగా వెండెల్ ఉన్నాడు, కదలకుండా, పందుల దొడ్డి గేటు దగ్గర నిలబడ్డట్టే. చివరికి ఆర్లిస్ డోనట్టు కింద పెట్టాడు. ఆ పొద్దున అతని చెయ్యి ఖాళీ అవడం అదే మొదలు. చక్కెర అంటిన వేళ్ళతోనే సంతకం పెట్టాడు. కింద వెండెల్ పెట్టాడు, డార్లా పెట్టింది.

నీవా కాగితం ఊది, మడిచి, కార్డుతో పాటు సంచిలో పెట్టుకుంది. ఇంకా పదన్నా కాలేదు.

"అది సరే గానీ ఆర్లిస్," వెండెల్ తలుపు తీసి ఆవిడకి దారిచ్చాడు. "పోయేటప్పుడు కొట్టాం గాలికి పోయింది, ఒప్పుకున్నాం. మరి కంచె దాటి నీ వైపుకి తిరిగెట్లా వచ్చిందిరా?"

ఆర్లిస్ నోరు తెరిచాడు గానీ, గుమ్మంలోంచి నీవాయే చెప్పింది.

"తాళంచెవి అడిగాను కదా, నడుచుకుంటూ వచ్చింది."