గిద్యోను సారు గొంతు

తోటపల్లి గూడూరులో గిద్యోను సారు ఇంటికి ఆయన స్టూడెంట్ ఒకమ్మాయి వచ్చింది. సారు భార్య తలుపు తీసింది.

“అమ్మా, యూనివర్సిటీలో ఈ ఏడు ఉత్తమ అధ్యాపకుడి అవార్డు మన సారుకే ఇస్తున్నారు. మా క్లాసోళ్లంతా ఆయన పేరే రాసినారు. మీరొచ్చి అందుకోవాల.”

“నేను రాలేనమ్మా. పిల్లోళ్లకి సముద్రం చూపిస్తానని పోయిన మనిషి శవమై వచ్చినాడు. ఇప్పుడెందుకు అవార్డు? నువ్వూ ఆ రోజు అక్కడ ఉన్నావా?”

“అలలో కొట్టుకుపోయింది నేనేనమ్మా. నన్ను ఒడ్డుకి తోసేసి సారు...”

“లోపలికి రా. కూర్చో.”

“నేను క్లాసుకి పోవడం మానేసినాను. పోతే బోర్డు దగ్గర్నుంచి సారు గొంతు వినిపిస్తుంది.”

“ఏమంటాడు?”

“‘గంగాభవానీ, అర్థమైందా? మళ్లీ చెప్పనా?’ అంటారు.”

“నేను వంటింట్లో ఉంటే నన్నూ పిలుస్తాడు. ‘జయా, రేపటి పాఠం చెప్తాను, విను’ అంటాడు. ఏ పాఠమైనా ముందు నాకే చెప్పి చూసుకునేవాడు. పరిగెత్తుకుని పోతే ఖాళీ కుర్చీ.”

“భయమేయదామ్మా?”

“మొదట్లో వేసేది. ఇప్పుడు పోయి ఎదురుగా కూర్చుంటాను. ఆ అవార్డు నేనొచ్చి తీసుకుంటాలే. నువ్వు రేపట్నుంచి క్లాసుకి పో.”

“సారు మళ్లీ అడిగితేనో?”

“అర్థం కాకపోతే కాలేదనే చెప్పు. అర్థమైనట్టు తలూపితే ఆయనకి కోపం.”